దయ్యానికి చూపు లేదన్న మనిషి

పోయిన శుక్రవారం నంద్యాలలో మ్యాట్నీ చూస్తూ నేను నవ్వాను. నవ్వడం తప్పు కాదు గానీ నవ్విన సమయం బాగాలేదు. తెర మీద పాడుబడ్డ బంగళా. అందులో పట్టెమంచం. ఆ మంచం కింద నుంచి జుట్టు విరబోసుకున్న దయ్యం మోకాళ్ల మీద మెల్లగా పాక్కుంటూ వస్తోంది. హాలంతా ఊపిరి బిగబట్టింది. నా ముందు వరసలో కొత్తగా పెళ్లయిన జంట రెండో కుర్చీ వదిలేసి ఒకే కుర్చీలోకి సర్దుకుంటోంది. సరిగ్గా అప్పుడు దయ్యం తలెత్తి, ఉడకబెట్టి పెంకు తీసిన కోడిగుడ్లలాంటి రెండు తెల్లకళ్లను మా అందరి మీదికీ తిప్పింది. నాకు నవ్వు తన్నుకొచ్చింది. నా నవ్వు విని ఆ దయ్యం ఒక్క క్షణం ఆగి, సిగ్గుపడి, జుట్టు సర్దుకుంది. ఒట్టేసి చెబుతున్నాను.

నా ఒట్లకు తరుగు తీసుకోవాలి. ఆ మాట ముందే చెప్పేస్తే మంచిది. వేరుశనక్కాయలు తూచేటప్పుడు తేమకనీ, మట్టికనీ, గోనెసంచికనీ కొంత బరువు కొట్టేస్తారు. దాన్నే తరుగంటారు. మా నాయన నంద్యాల మార్కెట్ యార్డులో ముప్పై ఏళ్లు కాటా దగ్గర నిలబడి తూచిన మనిషి. "మావాడు చెప్పేదానికి క్వింటాకు యాభై కేజీలు తరుగు తీసి వినండప్పా" అని నాకు మీసాలు రాకముందే ఊరంతా చాటింపు వేసిపెట్టాడు. మీరూ అలాగే వినండి.

నవ్వు ఆగకముందే ముందు వరస పెళ్లికొడుకు వెనక్కి తిరిగాడు.

"ఏందన్నా నువ్వు. దుడ్లు పెట్టి బయపడదామని వస్తే నవ్వుతాండావ్."

"నేను కాదబ్బీ, ఈ పక్కసీటాయన" అన్నాను.

పక్కసీటు ఖాళీ. ఆ పిల్లవాడు ఖాళీ సీటును చూశాడు, నన్ను చూశాడు, పెళ్లాం చెయ్యి పట్టుకుని లేచి నాలుగు వరసలు ముందుకు పోయాడు. రెండు గంటల పది నిమిషాల సినిమాలో మనిషన్నవాడు నిజంగా భయపడింది ఆ ఒక్కసారే. అది కూడా నా పుణ్యమే గానీ దర్శకుడిది కాదు.

అబద్ధం చెప్పానని అనుకోవద్దు. నవ్వింది ఒక రకంగా ఆ పక్కసీటాయనే. ఆయన పోయి మూడు నెలలు.

ఆయన పేరు రాయను. బతికినన్నాళ్లూ ఊళ్లోవాళ్ల పేర్లు రాతి దిమ్మెల మీద చెక్కి, తన పేరు మాత్రం కరెంటు బిల్లు మీద తప్ప ఎక్కడా కనబడనివ్వలేదు. ఆళ్లగడ్డలో విగ్రహాలు చెక్కే వీధిలో ఆయనది చివరి షెడ్డు. నాది మెయిన్ రోడ్డు మీద ఫోటోల కొట్టు. చనిపోయినవాళ్ల చిన్న ఫోటోలు తెస్తే పెద్దవి చేసి ఇస్తాను. నేను పెద్దవి చేసినవాటిని చూసి ఆయన రాతిలో ఇంకా పెద్దవి చేసేవాడు. మా ఇద్దరి వ్యాపారం అట్లా కలిసింది. నేను మామా అనేవాణ్ని, ఆయన అబ్బీ అనేవాడు. చుట్టరికం అంతే.

ఆయన మొదటిసారి నా కొట్టుకు వచ్చినప్పుడు నేను సాగదీసిన ఫోటో చేతిలోకి తీసుకుని, అద్దం పలక మీద వేలి కణుపుతో ఒక్కటి కొట్టాడు.

"ఎవరబ్బీ ఈయన? దొంగతనంలో దొరికినాడా?"

"లేదు మామా, రిటైరయిన హెడ్మాస్టరు. పాస్‌పోర్టు ఫోటో. దాంట్లో అందురూ అట్లే ఉంటారు."

"ఎవర్ని చూస్తాండాడు?"

"ఎవర్నేంది మామా, కెమెరాని."

"అదే తప్పు" అన్నాడు.

వేలి కణుపుతో కొట్టడం ఆయన జబ్బు. రాయి కొనేటప్పుడు కొట్టి చూస్తారు. లోపల పగులు లేకపోతే కణ్ మంటుంది, ఉంటే డొల్లగా పలుకుతుంది. రాళ్లతో మొదలుపెట్టి ఆయన అన్నింటినీ కొట్టడం అలవాటు చేసుకున్నాడు. టీ గ్లాసును, బస్సు సీటును, ఇంటికొచ్చిన బంధువు తెచ్చిన పుచ్చకాయను, ఒక్కోసారి ఆ బంధువును. నేను కథ మొదలుపెడితే కాసేపు విని నా నుదుటి మీద ఒక్కటి కొట్టేవాడు. "డొల్ల" అనేవాడు. నందికొట్కూరుకు ట్రాలీ ఆటోలో ఒక పెద్దమనిషి విగ్రహాన్ని కూర్చోబెట్టి తీసుకుపోతుంటే, దారిలో ముగ్గురు దండం పెట్టారనీ, ఒకాయన ఆటో ఆపించి పింఛను రావడం లేదని అర్జీ ఇచ్చాడనీ నేను ఊరంతా చెప్పాను. ఆటోలో నాతో పాటు ఉన్న మామ ముందు కూడా చెప్పాను. ఆయన నా నుదురు కొట్టి, "దండాలు నిజమే. అర్జీ డొల్ల" అన్నాడు. అంత ఖచ్చితంగా తరుగు తీయడం మా నాయన తర్వాత ఆయనకే చేతనయింది.

ప్రతి శుక్రవారం పొద్దున పదకొండింటి బస్సుకు మేమిద్దరం నంద్యాల పోయేవాళ్లం. దయ్యం సినిమా గానీ, హత్యల సినిమా గానీ వస్తే మొదటిరోజు మ్యాట్నీ మాదే. ప్రేమ సినిమాలు ఆయన చూసేవాడు కాదు. "అవి ఇంటికాడ జరగవు గాబట్టి బయటికి పోయి చూస్తారు. నాకెందుకు" అనేవాడు. మరి దయ్యాలు ఇంటి దగ్గర జరుగుతాయా అని నేనడగలేదు. అడిగి ఉంటే ఆయన సినిమాలకు ఎందుకొస్తున్నాడో ముందే తెలిసేది.

హాల్లో కూర్చోగానే జేబులోంచి దూది తీసి రెండు చెవుల్లో కుక్కుకునేవాడు. షెడ్డులో రాళ్లు కోసే మిషన్ల మోతకు అలవాటైన దూది. మొదట్లో నాకు వింతగా ఉండేది.

"మామా, పాటలు ఇనపడవు."

"ఈ సినిమాలకు పాటలేం లేవుగానీ, నువ్వూ పెట్టుకో. బయం యాడుండాదో తెలుస్తాది."

పెట్టుకున్నాను. ఆ రోజు నా చదువు పూర్తయింది. చెవులు మూసుకుని చూస్తే, అరగంట సేపు హాలును వణికించిన దయ్యం, తెల్లచీర కట్టుకుని తెగిపోయిన చెప్పు వెతుక్కుంటున్న పక్కింటామెలా ఉంది. తలుపు తెరుచుకుంది, అంతే. పిల్లి దూకింది, అంతే. చుట్టూ జనం మాత్రం కుర్చీల్లో ఎగిరెగిరి పడుతున్నారు. గుంతల రోడ్డు మీద బస్సు వెనకసీట్లో కూర్చున్నట్టు.

"చూసినావా. బయం నీ చెవిలో ఉండాది. తెర మీద ఏం లేదు. డప్పు కొట్టేటోనికి జీతమిచ్చి, కథ రాసేటోన్ని ఇంటికి పంపించినారు" అన్నాడు బయటికొచ్చాక, థియేటర్ గోడను కణుపుతో కొడుతూ. ఆ గోడ కొట్టడమే ఆయన తీర్పు. కొట్టి, ఒక్కమాట: "డొల్ల."

తీర్పు ఒక్కమాటే గానీ, కారణాలు మాత్రం బస్సు నంద్యాల దాటక ముందే మొదలై ఆళ్లగడ్డ స్టాండు దాకా సాగేవి. హంతకుడు ప్రతి శవం పక్కనా ఒక చిక్కుప్రశ్న రాసిన చీటీ వదిలిపోయే సినిమా చూశాం. "అంత తీరిక, అంత చదువు ఉన్నోడు పరీక్ష రాసి ఉద్యోగం తెచ్చుకోవచ్చు గదా, జనాన్ని చంపడమెందుకు" అన్నాడు. ఆఖరున వెతికే పోలీసాఫీసరే హంతకుడని తేలింది. హాలంతా చప్పట్లు. మామకు కోపమొచ్చింది. "రెండు గంటలు వానెంటే తిరిగినా. వాడు టీ తాగినా చూసినా, నిద్రపోయినా చూసినా. చంపేటప్పుడు మాత్రం నన్ను బయట నిలబెట్టి తలుపేసుకున్నాడు. అది కథ గాదు, మోసం."

మంత్రగాడి సినిమాలో నిమ్మకాయలు లెక్కపెట్టబోయి విడిచిపెట్టాడు. "అవి పిండితే రుద్రవరం మండలమంతా పులిహోర తినొచ్చు." గుహలో దయ్యం సినిమా వచ్చింది. హీరోయిన్ మడమ ఎత్తు చెప్పులేసుకుని గుహలో పరిగెత్తింది. రాతిపొరలు చూడ్డానికి బెలుం గుహలకు నాలుగుసార్లు పోయొచ్చిన మనిషాయన. "గుహలో జారి నడుమిరగ్గొట్టుకున్నోళ్లను చూసినా గానీ, దయ్యం పట్టినోళ్లను చూడలే. ఆ చెప్పులతో ఆ పిల్ల నిలబడిందే, అదే ఈ సినిమాలో దయ్యం పని" అన్నాడు.

ఆయనను నిజంగా బాధపెట్టింది బొమ్మ సినిమా. ఒక పాపకు కొన్న బొమ్మ లేచొచ్చి ఇంట్లోవాళ్లను చంపుతుంది. మామ ఇంటర్వెల్‌కే లేచి నిలబడ్డాడు. "చెవులు సమానంగా లేవు. చేతికి నాలుగేళ్లే ఉండాయి. అంత ఈనంగా చేసిన బొమ్మకు ప్రాణమెవరు పోస్తారబ్బీ? ప్రాణానికి గూడా ఒక మర్యాద ఉంటాది గదా." ఆ రోజు రెండో సగం చూడకుండా బయట మిరపకాయ బజ్జీలు తిన్నాం. బజ్జీలు డొల్ల కావని మాత్రం ఒప్పుకున్నాడు.

అన్ని శుక్రవారాల్లో ఒకే ఒక్క సినిమాకు ఆయన చెవుల్లోంచి దూది తీశాడు. దయ్యాల సినిమా అని పోస్టర్ వేశారు గానీ అందులో దయ్యం కనబడదు. ఒక ముసలామె మధ్యాహ్నం రెండు కంచాలు పెడుతుంది. ఒకదాంట్లో తను తింటూ, ఎదురుగా ఎవరూ లేని పీట వైపు చూస్తుంది. "కారం తక్కువైందా" అని అడుగుతుంది. అంతే. ఆ పీట మీద ఎవరున్నారో మనకు చూపించరు. జనం ఈలలేసి టికెట్టు దుడ్లు వాపసు ఇమ్మన్నారు. మామ గోడ కొట్టకుండానే బస్సెక్కాడు. సగం దారిలో, శిరివెళ్ల దగ్గర, నోరు విప్పాడు.

"ఆమెకు కనపడతాండాది. మనకెందుకు కనపడాల?"

ఆయన సిద్ధాంతమంతా ఆ ఒక్క మాటలో ఉంది. దయ్యానికి కావాల్సింది కోరలు, గోళ్లు కాదట. చూపట. వచ్చింది ఎవరి కోసమో వాళ్లనే చూడాలట. "టికెట్టు కొన్నోళ్లనందర్నీ చూస్తే అది దయ్యం గాదు, ఓట్లడిగేటోడు" అనేవాడు. తెల్లకళ్ల దయ్యాలంటే ఆయనకు అసహ్యం. కంట్లో నల్లగుడ్డు లేకపోతే అది ఎటు చూస్తోందో తెలియదు. ఎటు చూస్తోందో తెలియనిదాన్ని చూసి జనం ఎందుకు కేకలేస్తారో ఆయనకు చివరిదాకా అంతుబట్టలేదు.

ఇది సినిమా పిచ్చి కాదు, పని తెచ్చిన పట్టుదల. దేవుడి విగ్రహానికి కళ్లు ఆఖరున తెరుస్తారు. ఎదురుగా అద్దం పెట్టి, బంగారు సూదితో. మొదటి చూపు మనిషి మీద పడకూడదని అట్లా చేస్తారు. మనుషుల విగ్రహాలకు ఆ శాస్త్రమేమీ లేదు. అందుకని మామ సొంతంగా ఒక పద్ధతి పెట్టుకున్నాడు. మొహమంతా చెక్కి కళ్లు మాత్రం మూసి ఉంచేవాడు. చనిపోయినవాళ్ల మనిషి ఒకరు వచ్చి విగ్రహానికి ఎదురుగా రాతిదిమ్మె మీద కూర్చోవాలి. పోయినవాళ్ల గురించి మాట్లాడుతూ ఉండాలి. అది వింటూ ఆయన కళ్లు తెరిచేవాడు. ఎదురు కూర్చునే మనిషి రాకపోతే విగ్రహం నెలలకొద్దీ కళ్లు మూసుకుని షెడ్డులో నిలబడాల్సిందే. రుద్రవరం నుంచి ఒకామె వచ్చి, కూర్చున్న రెండు గంటలూ పోయిన మొగుణ్ని తిట్టింది. విగ్రహం కళ్లు నేల చూస్తూ వచ్చాయి. కొడుకులు చూసి, "మా నాయన ఇంట్లో ఇట్లే ఉండేటోడు" అని సంతోషంగా మోసుకుపోయారు.

ఇక నా సంగతి. మా నాయన పోయిన ఏడాదికి, రుద్రవరం రోడ్డు మీదున్న మా చేలో ఆయన విగ్రహం పెట్టాలని మా అమ్మ పట్టుబట్టింది. మామ నల్లరాతిలో ఛాతీ దాకా చెక్కాడు. మీసం కుదిరింది. భుజం మీది తువ్వాలు కుదిరింది. కళ్లు మూసుకుని ఉన్నాయి. "వచ్చి ఎదురు కూకో అబ్బీ" అని కబురు పంపాడు. నేను పోలేదు.

ఊళ్లో దయ్యాల కథలకు నేను పెట్టింది పేరు. అట్లాంటివాణ్ని ఒక రాతి మొహం ముందు కూర్చోవడానికి భయపడ్డాను. కారణం ఉంది. ఆఖరి రోజుల్లో ఆసుపత్రిలో మా నాయనకు నేనొక అబద్ధం చెప్పాను. ఆయన నావైపు ఒక చూపు చూశాడు. నేను మొహం తిప్పుకున్నాను. ఆ చూపులో ఏముందో చూడకుండానే మొహం తిప్పుకున్నాను. రెండు రోజులకు ఆయన పోయాడు. ఆ చూపు రాతిలోకి వచ్చి, మా చేలో నిలబడి, నేను బతికినంత కాలం నావైపే ఉంటుందంటే ఎవరు కూర్చుంటారు.

తప్పించుకోవడానికి మంచి దారి దొరికిందనుకున్నాను. కంట్లో శుక్లాలు తీసినప్పుడు మా నాయన నలభై రోజులు నల్లద్దాలు పెట్టుకున్నాడు. అప్పటి ఫోటో ఒకటి తీసి, పెద్దది చేసి, షెడ్డుకు పట్టుకుపోయాను.

"మామా, మా నాయనకు నల్లద్దాలు చెక్కు. అట్లే బాగుంటాడు. మా అమ్మ గూడా అదే అనింది."

మామ ఫోటోను చూడలేదు. నా నుదుటి మీద కొట్టాడు.

"మీ అమ్మ అనింది డొల్ల. కాటా కాడ నల్లద్దాలు పెట్టుకుని నిలబడితే రైతు ఊరుకుంటాడా?"

"ఇప్పుడు కాటా లేదు గదా."

"శుక్రవారం సినిమా ఏదో వచ్చిందంటాండావే, ఏంది?" అన్నాడు మాట మార్చి.

మా శుక్రవారాలు అట్లా మొదలయ్యాయి. ఆయన విగ్రహం మాట ఎత్తబోయినప్పుడల్లా నేను కొత్త సినిమా మాట ఎత్తేవాణ్ని. ఆయన వెంటనే టవల్ భుజాన వేసుకునేవాడు. ముసలాయనకు సినిమాల ఆశ చూపించి రెండేళ్లు నెట్టుకొచ్చానని నా తెలివికి నేనే మురిసిపోయాను. నాకు దయ్యాలు చూపించిన దర్శకులందరూ నాకంటే తెలివైనవాళ్లేనని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.

ఒక శుక్రవారం, సినిమా సగంలో, ఆయన ఒక చెవిలో దూది తీసి నావైపు వంగాడు.

"అబ్బీ, ఇప్పుడు తెర మీద ఉండేది మనిషా, దయ్యమా?"

తెర మీద ఉన్నది పాప్‌కార్న్ ప్రకటన. ఇంటర్వెల్ ఇచ్చి ఐదు నిమిషాలైంది.

"మామా, నీకు కనపడడం లేదా?"

"వెలుతురు కనపడతాది. రాతిపొడి కొంత తినింది, చక్కెర జబ్బు మిగిలింది తినేసింది. కర్నూల్లో డాక్టరు నల్లద్దాలిచ్చి, ఇంగ రాదులే అన్నాడు."

"ఎన్నాళ్లయింది?"

"ఏడాది దాటింది."

ఏడాదిగా ఆయనకు తెర కనబడదు. చెవుల్లో దూది, కాబట్టి వినబడదు. అయినా ప్రతి సినిమాకూ గోడ కొట్టి డొల్ల అన్నాడు. బస్సులో కారణాలు కూడా చెప్పాడు. నేను వెనక్కి లెక్కేసుకుంటే, చెప్పిన కారణాలన్నీ సరిగ్గానే ఉన్నాయి. ఈ మాట ఒక్కటి తరుగు తీయకుండా నమ్మండి. ఆ సినిమాల గొప్పతనం అంతే.

"మరి ఎందుకొస్తాండావ్ మామా ప్రతి వారం?"

"నువ్వు షెడ్డుకు రావు. సినిమాకైతే వస్తావు. యాదో ఒకరోజు నోరిప్పుతావని వస్తాండా. నా చెయ్యింకా ఆడతాండాది. ఇంగెన్నాళ్లు ఆడుతుందో తెలీదు. మీ నాయన కళ్లు మూసుకుని ఉండాడు, నేను పోతే వేరేటోడు తెల్లకళ్లు చెక్కిపోతాడు. నీకిష్టమేనా?"

ఇంటర్వెల్ తర్వాతి సగం మేము చూడలేదు.

షెడ్డులో మిషన్లు ఆగి ఉన్నాయి. కరెంటు లేదు. మధ్యాహ్నం ఎండ రేకుల సందుల్లోంచి రాతిపొడి మీద పడుతోంది. నన్ను దిమ్మె మీద కూర్చోబెట్టి, మామ ముందు నా మొహం పట్టుకున్నాడు. బొటనవేలితో నా కనుబొమ్మ ఎముక, కంటి గుంత, రెప్ప అంచు, ముక్కు మొదలు మెల్లగా తడిమాడు. వేలు గరుకుగా ఉంది.

"ఏంది మామా ఇది?"

"ఫోటోలో నల్లద్దాలుండాయి. నీ మొగంలో లేవు. మీ నాయన కన్ను ఈడే ఉంటాది, యాడికి పోతాది. చెప్పు. ఆయప్పకు ఏం చెప్పినావు?"

చిన్న ఉలి తీసుకుని, ఎడమ బొటనవేలు రాతి రెప్ప మీద ఆనించి, వేలి పక్కనే కొట్టడం మొదలుపెట్టాడు. చూపుతో పని లేదు ఆ చేతికి.

నేను మొదలుపెట్టాను. ఆసుపత్రిలో నాయన నా చెయ్యి పట్టుకుని నవ్వాడని చెప్పాను. సుత్తి ఆగింది. కణుపు దిమ్మెను తట్టింది. "డొల్ల." అప్పుడు, నేను నాయన కాళ్ల మీద పడి ఏడ్చానని చెప్పాను. "డొల్ల." ఇంకొకటి చెప్పబోయాను. ఆయన సుత్తి కింద పెట్టేశాడు.

"సినిమావోళ్లకంటే ఈనమైపోయినావు గదప్పా. రెండు సినిమాలు అయిపోయినాయి. మూడోది చెప్పు."

మూడోది చెప్పాను.

"నాలుగు రోజులు గూడా ఉండడని డాక్టరు చెప్పినాడు మామా. నేను లోపలికి పోయి, 'గ్యాసంట నాయనా, వారంలో లేచి తిరుగుతావంట' అన్నా. నాయన నన్ను చూసినాడు. 'దీనికెంత తరుగు తీయాల అబ్బీ' అని అడిగినాడు. నేను కిటికీ దిక్కు తిరిగినా. కింద కొబ్బరిబోండాల బండి ఉండాది. బోండం తెస్తానని ఎల్లిపోయినా. తెచ్చేసరికి కళ్లు మూసుకుని ఉండాడు. మళ్లా మాట్లాడలే."

"చూడకుండా ఎందుకు తిరిగినావు?"

"చూస్తే నిజం చెప్పాల్సొస్తాది."

సుత్తి మళ్లీ మొదలైంది. టిక్, టిక్. చాలాసేపు. ఒక కన్ను అయ్యాక మళ్లీ నా మొహం తడిమాడు. ఈసారి వేలికి తడి తగిలింది. పొడితో తుడిచేసుకుని రెండో కంటికి పోయాడు. నేను నేల చూస్తూ కూర్చున్నాను. పని అయినట్టు సుత్తి ఆగింది. ఆయన విగ్రహం చెంప మీద కణుపుతో కొట్టాడు. కణ్ మంది.

"చూడు."

"తర్వాత చూస్తా మామా."

ఆయన నిట్టూర్చాడు. జేబులోంచి నల్లద్దాలు తీశాడు. కర్నూలు డాక్టరిచ్చినవి. విగ్రహం చెవులకు తగిలించి, వెనక దారంతో కట్టాడు.

"నాకింక వీటితో పన్లేదు. బయమైతే ఉంచుకో. లోపల మాత్రం కన్ను తెరిచే ఉండాది, అది మరిచిపోవద్దు."

విగ్రహం చేలోకి వెళ్లింది. నల్లద్దాలతోనే. దారిన పోయేవాళ్లు మా నాయనను ఏదో పార్టీ నాయకుడనుకుని పండగలకు దండలు కూడా వేశారు. దండలు నిజం. ఒకాయన పక్కన నిలబడి సెల్ఫీ తీసుకున్నాడు, అదీ నిజమే.

మామ మంచం పట్టాక చూడబోయాను. మనిషి మంచానికి అతుక్కుపోయి ఉన్నాడు. కనుబొమ్మల్లో రాతిపొడి మాత్రం అట్లాగే ఉంది, కడిగినా పోదట.

"అద్దాలు తీసినావా?"

"తీసినా మామా. బలే ఉండాది చూపు. మా అమ్మ ఏడ్చింది."

చెయ్యి మెల్లగా జరిగింది. మంచం పట్టె మీద కణుపు ఒక్కసారి తగిలింది. నోరు పెగల్లేదు గానీ, మాట నాకు తెలుసు.

అది ఆయన ఆఖరి తీర్పు. సినిమా పేరు నా పేరే.

ఇదంతా జ్ఞాపకమొచ్చింది పోయిన శుక్రవారం ఆ కోడిగుడ్డు కళ్లను చూసి. అందుకే నవ్వాను. హాలంతటినీ చూస్తూ ఎవర్నీ చూడని ఆ దయ్యాన్ని చూసి నవ్వి, బయటికొచ్చి గోడ కొట్టాను. డొల్ల. బస్సులో కారణాలు చెప్పడానికి పక్కన మనిషి లేడు. టికెట్టు కొట్టే కండక్టరుకు రెండు చెప్పాను. ఆయన మూడోది వినకుండా ముందుకు పోయాడు.

మర్నాడు పొద్దున చేలోకి పోయాను. పత్తి తీస్తున్న ఆడవాళ్లు విగ్రహం దిమ్మె నీడలో సద్దిగిన్నెలు పెట్టుకున్నారు. నేను వెనకనుంచి పోయి దారం విప్పాను. అద్దాలు నా చేతిలోకి వచ్చాయి. వాటిని జేబులో పెట్టుకుని, ముందుకు రావడానికి ఎంతసేపు పట్టిందో చెప్పను. చెప్పినా మీరు తరుగు తీస్తారు.

నేను అన్ని రకాల చూపులనూ ఊహించుకుని ఉన్నాను. కోపం, ఏవగింపు, జాలి. ఆ కళ్లలో అవేవీ లేవు. ఎడమ రెప్ప కొంచెం వాలి ఉంది. కాటా మీద మూట పెట్టాక, ముల్లు అటూ ఇటూ ఊగుతుంటే, అది నిలబడేదాకా మా నాయన ఇట్లాగే చూసేవాడు. రైతు తొందరపెట్టినా, షావుకారు తొందరపెట్టినా, ఆ రెప్ప కదిలేది కాదు. బరువు ఇంకా చెప్పలేదు. తరుగు ఇంకా తీయలేదు. ముల్లు ఆగితే చెబుదామని చూస్తున్నాడు. ఆసుపత్రిలో కూడా అంతే చూసి ఉంటాడు. నేనే బోండానికి పోయాను.

సద్దిగిన్నె తీసుకోవడానికి వచ్చిన ఒకామె ఆగింది.

"అద్దాలు తీసేసినావేన్నా. ఇంగ మేమీడ కాసేపు కూకున్నా ఆయప్ప చూస్తాండాడని బయమేస్తాది."

"నిన్ను చూస్తాండాడా అక్కా?"

ఆమె అటు జరిగింది, ఇటు జరిగింది. గిన్నె చంకన పెట్టుకుని వెనక్కీ ముందుకూ నడిచి చూసింది.

"లేదులేన్నా" అంది తీరిగ్గా. "నన్ను గాదు. నువ్వు నిలబడినకాడికే చూస్తాండాడు."

ఆమె పోయాక, నిలబడినకాడే గట్టు మీద కూర్చున్నాను. "నిన్న నంద్యాలలో సినిమా చూసినా నాయనా" అని మొదలుపెట్టాను. బంగళా చెప్పాను, మంచం చెప్పాను, తెల్లకళ్లు చెప్పాను, పక్కసీటు ఖాళీగా ఉందని చెప్పాను. దయ్యం సిగ్గుపడి జుట్టు సర్దుకున్న ముక్క మాత్రం చెప్పలేదు.